తూకం ముల్లు చూపిన అంకె

పుట్టినరోజు నుంచి మనుషుల జీవితాలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చే అధ్యయనాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. డాక్టర్లు వీటిని బర్త్ కోహార్ట్ స్టడీస్ అంటారు. పేరు పెద్దది గానీ, వీటికీ అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలైన మీరు రోజూ రాసే రిజిస్టర్లకీ దగ్గరి చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం గురించే ఇవాళ మాట్లాడతాను.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. అన్నేళ్లు వెంట ఉండటం ఎందుకు? యాభై ఏళ్ల వయసులో షుగరు వచ్చినవాణ్ని కూర్చోబెట్టి, పుట్టినప్పుడు ఎంత బరువున్నావు, చిన్నప్పుడు ఏం తిన్నావు అని అడిగితే సరిపోదా? సరిపోదు. ఆయనకు తెలియదు. వాళ్లమ్మ బతికి ఉన్నా సరిగా గుర్తుండదు. పైగా జబ్బు వచ్చాక పాత సంగతులన్నిటినీ ఆ జబ్బు కళ్లతోనే చూస్తాం. జ్ఞాపకం మారుతుంది, ఆనాడు రాసిపెట్టిన అంకె మారదు. ఈ అధ్యయనాల బలమంతా అక్కడే ఉంది.

1946 నాటి బ్రిటన్‌కు వెళ్దాం. యుద్ధం ముగిసి ఏడాది కాలేదు, రేషను ఇంకా నడుస్తోంది. జననాలు తగ్గిపోతున్నాయని, కాన్పు ఖర్చుకు భయపడి జనం పిల్లల్ని వద్దనుకుంటున్నారేమోనని అక్కడి పెద్దలకు బెంగ పట్టుకుంది. సంగతి తేల్చడానికి జేమ్స్ డగ్లస్ అనే యువ డాక్టరు ఆధ్వర్యంలో సర్వే పెట్టారు. ఆ మార్చి 3 నుంచి 9 వరకు, ఒకే వారంలో, ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో ప్రసవించిన తల్లులందరినీ కలవాలన్నది ఏర్పాటు. అలా 13,687 మంది తల్లుల వివరాలు అందాయి. ఆ ఇళ్ల తలుపు తట్టింది ఎవరనుకున్నారు? మీలాంటివాళ్లే. హెల్త్ విజిటర్లని, తల్లీబిడ్డల్ని చూసుకోవడానికి ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు. బిడ్డ బట్టలకు ఎంతయింది, కాన్పుకు ఎంతయింది, నొప్పులు తగ్గడానికి మందేమైనా ఇచ్చారా అని అడిగి రాసుకున్నారు. ఇంట్లో కాన్పయిన తల్లుల్లో ఎక్కువమందికి ఆ మందు అందలేదని, కాన్పు ఖర్చు పేద ఇళ్ల మీద మోయలేని భారమని తేలింది.

అంతటితో ఫైలు మూసేస్తే అదొక మంచి సర్వేగా మిగిలేది. డగ్లస్ మూయలేదు. ఆ పిల్లల్లో 5,362 మందిని ఎంచుకుని వాళ్ల వెంట నడిచాడు. బడిలో ఎత్తు, బరువు కొలిపించాడు, చదువు పరీక్షించాడు. తెలివైన పేదపిల్లలు పదకొండో ఏట జరిగే ఎంపికలో మంచి బడులకు దూరమైపోతున్నారని 1964లో ఆయన పుస్తకం రాస్తే ఆ దేశపు విద్యావిధానం మీద పెద్ద చర్చ నడిచింది. ఆయన తర్వాత మైకేల్ వాడ్స్‌వర్త్, ఆ తర్వాత డయానా కూ ఆ బాధ్యత తీసుకున్నారు. ఆ పిల్లలు నడివయసుకు వచ్చాక, తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు రక్తపోటు ఎక్కువగా ఉంటోందని కనపడింది. డెబ్బై ఏళ్లకు చేరాక వాళ్లలో సుమారు 500 మందికి మెదడు స్కానింగులు తీసి, మతిమరుపు జబ్బు ఎక్కడ మొదలవుతుందో వెతుకుతున్నారు. అధ్యయనంలో ఉన్నవాళ్లకు ఏటేటా పుట్టినరోజు కార్డు పంపుతూ వచ్చారు. మనిషిని మరిచిపోలేదని చెప్పే చిన్న మర్యాద అది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 1946లో ఆ కాగితం నింపిన కార్యకర్తకు మతిమరుపు జబ్బుతో పనేముంది? ఆమెకు అప్పగించిన పని కాన్పు ఖర్చు రాసుకోవడం. ఎవరూ ఇంకా అడగని ప్రశ్నకు ఆమె రాసిన కాగితం డెబ్బై ఏళ్ల తర్వాత ఉపయోగపడింది. నిజాయితీగా రాసిన వివరం, రాసిన అవసరాన్ని దాటి బతుకుతుంది. నేను మీకు చెప్పదలచుకున్న మాట ఇదే.

ఇంతకంటే పాత ఉదాహరణ ఒకటుంది. లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే కౌంటీలో 1911లో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే అధికారిణి ఒక పద్ధతి పెట్టింది. మంత్రసాని బిడ్డ పుట్టగానే తూచి రాయాలి. ఏడాది వరకు హెల్త్ విజిటర్ ఇంటికి వెళ్తూ, తల్లిపాలా సీసాపాలా రాయాలి, ఏడాది నిండాక మళ్లీ తూచాలి. ఆ పెద్ద లెడ్జర్లు దశాబ్దాల పాటు మూలపడి ఉన్నాయి. 1980లలో డేవిడ్ బార్కర్ బృందం వాటిని వెతికి పట్టుకుంది. 1911, 1930 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్ల సంగతి ఆరా తీసి 1989లో ప్రకటించారు: పుట్టినప్పుడు, ఏడాదికి బాగా తక్కువ బరువున్నవాళ్లే గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారు. గుండెజబ్బు అంటే పొగతాగడం, తిండి, పెద్దవయసు అలవాట్లు అని మాత్రమే అనుకునే రోజుల్లో, వైద్యలోకం చూపు తల్లి కడుపు వైపు తిరగడానికి ఆ లెడ్జర్లు ఒక పెద్ద కారణం. వాటిని ఏ గుమాస్తా అయినా చిత్తుకాగితాల కింద తూకానికి వేసి ఉంటే ఈ సంగతి ఇంకెన్నేళ్లకు తెలిసేదో.

మన దేశానికి వద్దాం. 1969 నుంచి 1972 వరకు దక్షిణ ఢిల్లీలో ఒక ప్రాంతంలో 8,181 మంది పిల్లల జననాలు నమోదు చేసి, ఆరునెలలకోసారి తూచి కొలుస్తూ వచ్చారు. వాళ్లలో 1,492 మందికి పాతికేళ్లు దాటాక రక్తంలో చక్కెర పరీక్షించి, డాక్టర్ సంతోష్ భార్గవ బృందం 2004లో ఫలితాలు వెల్లడించింది. షుగరు గానీ, దాని ముందుదశ గానీ కనపడినవాళ్లు సాధారణంగా రెండేళ్ల వయసు దాకా సన్నగా ఉండి, ఆ తర్వాత పన్నెండేళ్ల లోపు త్వరత్వరగా ఒళ్లు చేసినవాళ్లు. అయినా పన్నెండేళ్లప్పుడు వాళ్లెవరూ ఊబకాయులు కారు. ఆరోజు ఒక్కసారి తూచి చూసిన డాక్టరుకు అందులో తేడా ఏమీ కనపడేది కాదు. గ్రోత్ చార్టులో చుక్క ఒక్కటే చాలదు, చుక్కల్ని కలిపే గీత కావాలని మీకు శిక్షణలో చెప్పేది ఇందుకే.

ఇక మన ఊళ్ల సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు నగరం చుట్టుపక్కల 29 గ్రామాల్లో ఒక పని చేపట్టింది. 15 గ్రామాల్లో అంగన్‌వాడీ పథకం నడుస్తోంది, 14 గ్రామాలకు ఇంకా రాలేదు. వచ్చిన గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండి ఉప్మా రోజూ పెట్టారు. అప్పట్లో చూడదలచుకున్నది ఒక్కటే, పుట్టే బిడ్డ బరువు పెరుగుతుందా అని. పదిహేనేళ్ల తర్వాత సంజయ్ కిన్రా బృందం ఆ పిల్లల్ని వెతుక్కుంటూ మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లింది. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు రెండో ఊళ్లవాళ్ల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. ఆ తర్వాత తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని కూడా కలుపుకుని ఆ అధ్యయనం ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీగా కొనసాగింది. ఆ ఉప్మా వండి వడ్డించిన ఆయమ్మలకు, తమ పళ్లెం ఒక బిడ్డ పదహారేళ్ల వయసులో గుండెకు మేలు చేస్తుందని చెప్పినవాళ్లు ఎవరున్నారు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2002లో యంగ్ లైవ్స్ మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ఈ అధ్యయనం మనతోపాటు ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశాల్లోనూ సాగుతోంది. మన దగ్గర సుమారు 3,000 మంది పిల్లలు. రాష్ట్రం రెండైనా అధ్యయనం ఆగలేదు. కరోనా కాలంలో ఇళ్లకు వెళ్లలేక ఫోన్లు చేసి యోగక్షేమాలు, చదువులు, తిండి సంగతి అడిగారు. ఇలాంటి పనిలో కొలవడం కంటే వెతకడమే కష్టం. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్తే ఊరూ మారుతుంది, ఇంటిపేరూ మారుతుంది. కుటుంబం వలసపోతే ఇంటికి తాళం ఉంటుంది. అలా తప్పిపోయేవాళ్లు చాలావరకు కష్టాల్లో ఉన్నవాళ్లే. వాళ్లను వదిలేసి లెక్క కడితే నిలదొక్కుకున్నవాళ్ల కథే మిగులుతుంది.

డబ్బు ఒక్కటే ఉంటే ఈ పని జరగదు. అమెరికా లక్ష మంది పిల్లల్ని పుట్టుక నుంచి 21 ఏళ్ల దాకా గమనించాలని తలపెట్టింది. వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యాక, అసలు అధ్యయనం పూర్తిస్థాయిలో మొదలు కాకుండానే 2014 డిసెంబరులో ఆపేసింది. ఓపిక, నమ్మకం, గడప గడపకూ వెళ్లే మనిషి లేకపోతే డబ్బు ఎంతున్నా ఫలితం ఉండదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. ఈ అధ్యయనాలను ఆ సామెతకు రుజువుగా వాడుకోవద్దు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ రాత అక్కడితో ముగిసిపోయిందని వీటిలో ఎక్కడా లేదు. అవి చెప్పేది సగటు లెక్క, ఒక్కో మనిషి జాతకం కాదు. తల్లిదండ్రులు చదువు మీద శ్రద్ధ పెట్టిన ఇళ్లలో పేదపిల్లలు ముందుకెళ్లారని డగ్లసే చూపించాడు. తక్కువ బరువు బిడ్డ తల్లికి మీరు చెప్పాల్సింది భయం కాదు, ధైర్యం.

ఇప్పుడు మీ పని దగ్గరికి వస్తాను. వేలాడే తూకంలో బిడ్డ కాళ్లు తన్నుకుంటూ ఉంటుంది. ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. బయట ఇంకో పదిమంది తల్లులు నిలబడి ఉంటారు. ముల్లు రెండు కిలోల నాలుగు వందల దగ్గర నిలిచీ నిలవనట్టు ఉంటుంది. చెయ్యి తెలియకుండానే రెండున్నర అని రాసేస్తుంది. దేశంలో జనన రికార్డులు తీస్తే రెండున్నర, మూడు కిలోల దగ్గర అంకెలు కుప్పపడి ఉంటాయని ఈ లెక్కలు చూసేవాళ్లందరికీ తెలుసు. 2,500 గ్రాముల లోపు ఉంటేనే తక్కువ బరువు కింద లెక్క. ఆ వంద గ్రాముల సవరింపుతో ఒక బిడ్డ జాబితా నుంచి తప్పిపోతుంది. ఆ బిడ్డకు దక్కాల్సిన అదనపు ఇంటి సందర్శనలూ తప్పిపోతాయి. రేపు పరిశోధన చేసేవాళ్లకు అబద్ధం అందుతుంది. ఇందులో తప్పు మీ ఒక్కరిదే కాదు. తక్కువ బరువు రాస్తే వివరణ అడిగి గద్దించే పై అధికారులదీ ఉంది. ఈ వేదిక మీదున్న పెద్దలకు నా విన్నపం: నిజమైన అంకె రాసిన మనిషిని మెచ్చుకోండి. ఆ అంకె కోసం ఆమెను నిలదీయకండి.

మీకు నా విన్నపాలు నాలుగు. ముల్లు ఆగే దాకా ఆగి, అది చూపిన అంకే రాయండి. తూచలేకపోతే గడి ఖాళీగా ఉంచి కారణం రాయండి, ఊహించి నింపొద్దు. ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చిందని పాత రిజిస్టర్లను చిత్తుకాగితాలకు వెయ్యొద్దు, తడి తగలని చోట భద్రం చేయండి. తల్లీబిడ్డ కార్డు ఆ కుటుంబపు ఆస్తి అని, పెళ్లప్పుడు కూతురి చేతిలో పెట్టదగిన కాగితమని తల్లులకు చెప్పండి.

ఆ వివరాలు ఇచ్చేది తల్లులు, పిల్లలు. మీ మీద నమ్మకంతో ఇస్తున్నారు. కాబట్టి ఆ అంకె ముందు ఆ బిడ్డకు ఉపయోగపడాలి, ఆ తర్వాతే శాస్త్రానికి. ఈ వరుస తారుమారు కానంత కాలం మీరు రాసే ప్రతి గడీ రెండు తరాలకు పనికొస్తుంది. ఈ పనిని మీ జీతంతో తూచి తక్కువ చేసుకోకండి. గుండెజబ్బుల గురించి, షుగరు గురించి ఇవాళ లోకానికి తెలిసినదానిలో కొంతభాగం మీలాంటివాళ్లు పెన్నుతో రాసినదే.