హవల్దారు

సైన్యమును గూర్చి మాటలాడునప్పుడు మనము సేనాపతుల పేర్లు చెప్పుకొందుము. కాకున్న సామాన్య సిపాయి త్యాగమును స్మరింతుము. ఈ ఇరువురి నడుమ నిలిచి, పైవారి ఆజ్ఞను క్రిందివారి చేత పనిగా చేయించు వానిని తలచువారు అరుదు. ఆంగ్లము మాటలాడు దేశముల సైన్యములలో వానిని సార్జంటు అందురు. మన సైన్యమున వాడే హవల్దారు.

సార్జంటు అను మాటకు మూలము లాటిను భాష. సేవకుడని దాని తొలి అర్థము. హవల్దారు అన్నది పారసీకము ద్వారా మనకు వచ్చినది. తనకు ఒప్పగించిన దానికి బాధ్యుడని భావము. వర్తకులు వాడు హవాలా అను మాట దీనికి చుట్టమే. నాయక్ అనునది మాత్రము మన ఇంటి మాట. మధురను, తంజావూరును ఏలినవారికి చెల్లిన బిరుదు, కంపెనీ సైన్యమున కొద్దిమంది సిపాయిలకు పెద్దయైన వానికి దిగివచ్చినది. మాటలకు సైతము పదవీభ్రంశము తప్పదు కాబోలు! ఇట్లే దఫేదారు అనునది ఆశ్వికదళమున హవల్దారునకు సమానమైన హోదా. కలెక్టరు గారి వాకిట నిలిచిన దఫేదారును చూచి గుర్రపు దళమును జ్ఞప్తికి తెచ్చుకొనువారు ఎందరు?

ఈ హోదాల చరిత్రకు మన అనకాపల్లి సీమ దూరమైనది కాదు. శారదా నదికి ఆవల నున్న కశింకోట కడ 1758 నవంబరులో కర్నల్ ఫోర్డు తెచ్చిన బెంగాలు సేన విజయనగర ప్రభువగు ఆనందరాజు సేనతో కలిసినది. ఫోర్డు వెంట వచ్చినవారిలో సుమారు 2,000 మంది సిపాయిలు. డిసెంబరులో చందుర్తి కడ ఫ్రెంచివారు ఓడిరి. మరుసటి ఏప్రిలులో మచిలీపట్టణపు కోట ఆంగ్లేయుల వశమయ్యెను. ఆ రోజులలోనే మద్రాసు ప్రభుత్వము వారు దేశీయ సిపాయిలను పటాలములుగా కూర్చిరి. కంపెనీకి సుబేదారు, జమాదారు, వారి క్రింద హవల్దార్లు, నాయకులు. ఇవిగాక పటాలమునకు తెల్ల సార్జంట్లను వేరుగా చేర్చిరి. చేయు పని ఇంచుమించు ఒక్కటియే అయినను, రంగును బట్టి పేరు మారినది. మన దేశమున రెండు మాటలు నిలిచిపోవుటకు ఇదియే మొదటి కారణము.

ఈ సిపాయిలు ఉత్తరాదికి పోయినప్పుడు అక్కడివారు వారిని తిలంగాలు అనిరి. తెలుగు నేల నుండి వచ్చినవారని అర్థము. క్రమముగా ఆ మాట ఏ ప్రాంతపు సిపాయికైనను చెల్లినది. 1857 నాటి ఢిల్లీలో తిరుగుబాటు సిపాయిలను సైతము తిలంగాలనియే వ్యవహరించిరి. తెలుగువాని పేరు సిపాయికి పర్యాయపదమైన కాలమది.

కాని ఆ సిపాయికి నిచ్చెన ఎంతవరకు? సుబేదారు పదవి వరకే. 1817లో సర్ థామస్ మన్రో గవర్నర్ జనరలునకు వ్రాయుచు ఈ సంగతినే ఎత్తిచూపెను. దేశీయుడు ఎంతటి సమర్థుడైనను సుబేదారును మించి ఆశింపరాదనియు, ఆ సుబేదారు సైతము నిన్నగాక మొన్న వచ్చిన ఆంగ్లేయ ఎన్‌సైనునకు ఎంతో దిగువవాడనియు ఆయన విచారము. అంతకుముందే, 1780 అక్టోబరు 3న విశాఖపట్టణమున ఒక సంఘటన జరిగినది. హైదరలీతో పోరునకై ఓడ నెక్కి మద్రాసు పోవలెనని ఉత్తరువు రాగా, సర్కారు సిపాయిలు ఎదురు తిరిగి తమ అధికారులపై కాల్పులు జరిపిరి. వారిని నడిపినవాడు ఒక సుబేదారు. నడిమి మెట్టున నున్నవాడు తనవారి పక్షమున నిలిచిన నాడు పై మెట్టు నిలువదని కంపెనీవారికి ఆనాడే తెలిసియుండవలెను.

ఇక నేటి క్రమము. సిపాయికి పైన లాన్స్ నాయక్, చేతిపై ఒక పట్టీ, నాయక్‌నకు రెండు, హవల్దారునకు మూడు. పదిమంది గల సెక్షనును నడుపువాడు నాయక్ గాని, హవల్దారు గాని. ప్లటూనునకు పెద్ద సుబేదారో నాయబ్ సుబేదారో అయినచో, ఆతని కుడిభుజము ప్లటూను హవల్దారు. కంపెనీ మొత్తమునకు క్రమశిక్షణ చూచువాడు కంపెనీ హవల్దారు మేజరు. బట్టలు, తిండి, సామగ్రి లెక్క చూచువాడు కంపెనీ క్వార్టర్ మాస్టరు హవల్దారు. సుబేదార్ల వర్గమును సార్జంట్లతో కలుపరాదు. వీరు జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు. ఈ అంతరువు బ్రిటిషు సైన్యమున లేదు. జమాదారు అను హోదాకు నాయబ్ సుబేదారని పేరు మార్చినది 1965లో. విశాఖ నౌకాదళమున ఇట్టివాడు పెట్టీ ఆఫీసరు. మన వాయుసేనలో మాత్రము సార్జంటు అను పేరే నిలిచినది.

పట్టికలో ఇంత సులభముగా నున్నది పనిలో సులభము కాదు. నీలగిరులలోని వెల్లింగ్టనున మద్రాసు రెజిమెంటు శిక్షణకేంద్రమునకు చేరిన తెలుగు కుర్రవాడు మొదట ఎరుగునది జనరలును కాదు, తనకు శిక్షణ నిచ్చు ఉస్తాదును. ఆజ్ఞలు హిందీలో, ప్రక్క మంచము వానిది తమిళమో మలయాళమో. బూటు త్రాడు కట్టుట మొదలు తుపాకి విప్పి తుడుచుట వరకు, ఇంటి నుండి జాబు రాలేదని ముఖము చిన్నబోయినవానిని కనిపెట్టుట వరకు, అంతయు ఆ మూడు పట్టీల వాని పనియే. అధికారి కొన్నేండ్లకు బదిలీయై పోవును. హవల్దారు పటాలములోనే పెరిగి, పటాలములోనే నెరయును.

యుద్ధమున ఆతని విలువ ఏపాటిదో పరమవీరచక్ర పట్టికయే చెప్పును. 1948 జూలైలో తిథ్వాల్ కడ శత్రువుల మరతుపాకులకు ఎదురేగి ప్రాణము లిచ్చిన పీరూసింగు కంపెనీ హవల్దారు మేజరు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ రంగమున జీపుపై నిలిపిన ఫిరంగితో శత్రు టాంకులను పడగొట్టి వీరమరణము నందిన అబ్దుల్ హమీదు, పేరునకు సామగ్రి లెక్క చూచు హవల్దారు!

ఇట్టివాడు ఒక్కనాట తయారు కాడు. దీనికి మన చరిత్రలోనే చేదు నిదర్శనము కలదు. యుద్ధజాతులు, కానిజాతులు అను సిద్ధాంతము పట్టుకొని 19వ శతాబ్ది చివర బ్రిటిషు సేనానులు దక్షిణాదివారి భర్తీని తగ్గించిరి. 1920లలో మద్రాసు పదాతి పటాలములను రద్దుచేసిరి. సాపర్స్ దళము మాత్రము నిలిచినది. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిన పిమ్మట రెజిమెంటును మరల లేపవలసి వచ్చెను. సిపాయిని కొన్ని నెలలలో తయారు చేయవచ్చును. వానికి చెప్పదగిన హవల్దారును ఎక్కడి నుండి తేవలెను?

ఈ ప్రశ్న నేటికిని పాతబడలేదు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకము క్రింద యువకులు అగ్నివీరులుగా నాలుగేండ్లకు చేరుచున్నారు. ఆ పథకము ప్రకారము వారిలో నూటికి 25 మందికి మించకుండ ఏరి, మరి పదిహేనేండ్లకు తక్కువ కాకుండ స్థిరసేవలోనికి తీసికొందురు. సైన్యము యౌవనవంతము కావలెనన్నది పథకకర్తల వాదము. అది త్రోసివేయదగినది కాదు. ఆ ఎన్నికలో గురిచూచి కొట్టుటకును, పరుగునకును మార్కులు వేయుట తేలిక. తోటివాని భయమును కనిపెట్టి కూడగట్టుకొని నడుపు గుణమును కొలుచుట కష్టము. నా మట్టుకు, మొదట చూడవలసినది దానినే అని తోచును. తొలి జట్ల నాలుగేండ్ల గడువు 2026 చివర మొదలుకొని తీరును. రాబోవు కాలపు నాయకులు, హవల్దార్లు, సుబేదారు మేజర్లు రావలసినది ఆ నూటికి ఇరువదియైదుగురి నుండియే.