రిజిస్టరులో కారు, ఇంటి ముందు సైకిలు

(గుణదలలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతుల మీటింగులో కార్ల లెక్కలేంటని వెనక వరసలో నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఆ లెక్కకు మన బియ్యం కార్డు ముడిపడి ఉంది. 2019 నవంబరులో నవశకం సర్వే పేరుతో అప్పటి ప్రభుత్వం అర్హతలు ఖరారు చేసింది. మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు ఉండాలి. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ట్యాక్సీకి, ఆటోకి, ట్రాక్టరుకి మినహాయింపు ఇచ్చారు, అంతవరకు మంచిదే. ప్రభుత్వం మారింది, పథకాల పేర్లు మారాయి. 2025లో తల్లికి వందనం మార్గదర్శకాలు చూడండి, కారు షరతు అందులోనూ ఉంది.

కారున్నవాడికి బియ్యం ఎందుకని మీరే అడగొచ్చు. ఆ వాదన ఇవాళ మనం పెట్టుకోవడం లేదు. మన ప్రశ్న చిన్నది. కారు ఉందని ఎవరు చెప్పారు? మనిషి వచ్చి గుమ్మం ముందు చూసి రాసుకున్న మాట కాదది. ఆధార్ నంబరు కొడితే రవాణా శాఖ రిజిస్టరు ఏం చెబితే అదే వేదం. ఆ రిజిస్టరు లెక్కపెట్టేది కార్లను కాదు, రిజిస్ట్రేషన్లను. ఈ రెండూ ఒకటేననుకోవడంలోనే ఉంది చిక్కంతా.

అది ఎలా జరుగుతుందో చూడండి. కొత్త కారు కొన్నరోజునే లైఫ్ ట్యాక్సు ఒకేసారి కట్టేస్తాం. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఏటా పన్ను కట్టే పని లేదు గనక ఈ 15 ఏళ్లలో ఆ బండి తిరుగుతోందా, షెడ్డులో తుప్పు పడుతోందా, ఆటోనగర్‌లో ముక్కలై ఇంజను ఒక చోటికి, డోర్లు మరో చోటికి పోయాయా అని అడిగేవాడుండడు. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రాసిచ్చి ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతోంది. తుక్కు కింద అమ్మినవాళ్లలో ఎంతమంది ఆ పని చేశారు? చేతులెత్తండి చూద్దాం. ఒక్కరూ లేరు. అంటే ఆ బళ్లన్నీ లెక్కలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఇది మన ఊహ కాదు. ఢిల్లీలో ఐఐటీ పరిశోధకులు పెట్రోలు బంకుల దగ్గర నిలబడి, వచ్చే బళ్ల వయసు రాసుకుని లెక్క కట్టారు. రిజిస్టరైన కార్లలో దాదాపు 60 శాతమే రోడ్డు మీద ఉన్నట్టు తేలింది. తర్వాత అక్కడి ప్రభుత్వమే కాలం చెల్లిన బళ్ల రిజిస్ట్రేషన్లు తీసేసింది. 2020-21లో 1 కోటి 22 లక్షలున్న వాహనాలు మరుసటి ఏడాదికి 79 లక్షలయ్యాయి. అన్ని లక్షల బళ్లు ఒక్క ఏడాదిలో మాయమైపోయాయా? కాగితం శుభ్రం చేశారు, అంతే.

ఇక జిల్లా లెక్కలకు వద్దాం. మన పాత బళ్ల మీద ఏపీ 16 అని ఉంటే కృష్ణా జిల్లా అని చిన్నపిల్లాడు కూడా చెప్పేవాడు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అన్నారు. ప్లేటు చూస్తే ఏ ఊరి బండో తెలియదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, మచిలీపట్నం వైపు కృష్ణాగా మిగిలింది, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాకు పోయాయి. ఇప్పుడెవరైనా వచ్చి కృష్ణా జిల్లాలో పదేళ్లలో కార్లు ఇంత పెరిగాయనో తగ్గాయనో చెబితే, ఏ కృష్ణా జిల్లా బాబూ అని ముందు అడగండి.

బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే ఇంకోటి కనిపిస్తుంది. హైదరాబాదు నంబర్ల బళ్లెన్నో! ఇక్కడే తిరుగుతాయి, ఇక్కడి లెక్కలో ఉండవు. ఆ తెలంగాణేమో కేంద్రం వాహన్ పోర్టలులో కలవకుండా ఏళ్ల తరబడి బయటే ఉండిపోయింది. మొదట్లో మన రాష్ట్రమూ అందులో లేదు. దేశం మొత్తం లెక్క అని పేపర్లో వేసినవాటిలో మన బళ్లే లేని రోజులున్నాయి. పెద్దమనుషుల కార్లు కొన్ని కంపెనీ పేరు మీద ఉంటాయి. వాళ్ల ఆధార్ కొడితే కారు రాదు. పదేళ్ల కిందట అమ్మేసిన పాత మారుతీ మాత్రం మనవాడి పేరు మీద వస్తుంది!

రోడ్లు వేసేవాళ్లు ఈ రిజిస్టరుతో సరిపెట్టుకోరు. హైవే వెడల్పు చేయాలంటే రోడ్డు పక్కన మనుషుల్ని కూర్చోబెట్టి వారం రోజులు రాత్రింబవళ్లు బళ్లు లెక్కపెట్టిస్తారు. కాంట్రాక్టరు డబ్బు విషయంలో కళ్లతో చూసిన లెక్క కావాలి. పేదవాడి బియ్యం విషయంలో కంప్యూటరు చెబితే చాలు. ఇదెక్కడి న్యాయం?

మనకిది కొత్త జబ్బు కూడా కాదు. డెల్టాలో చేను దున్నేది కౌలు రైతు, అడంగల్‌లో పేరు భూయజమానిది. నష్టపరిహారం వచ్చినప్పుడు దున్నినవాడు కాగితంలో ఉండడు. కారు దగ్గరికొచ్చేసరికి లేని ఆస్తి కాగితంలో ఉంటుంది. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో అయితే 50 వేలు, ఆ పైన పరిమితి ఉన్న కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటే పేదల జాబితా నుంచి నేరుగా తీసేశారు. అప్పు పుట్టినవాడు ధనవంతుడట!

ఇంటింటికీ వెళ్లి అడిగే లెక్క జనగణన. 2011లో దేశంలో నూటికి 5 ఇళ్లలో కూడా కారు లేదని తేలింది. 2021లో జరగాల్సింది జరగలేదు. సరిచూసుకోవడానికి ఆ కొలబద్ద కూడా పాతబడింది.

మన సంఘం అడుగుతున్నవి రెండే. కారు ఉందని కార్డు తీసేసే ముందు మనిషి వచ్చి చూసి, పంచనామా రాసి, ఇంటివాళ్ల సంతకం తీసుకోవాలి. 15 ఏళ్లు దాటి రెన్యువల్ కాని బండిని జల్లెడలో లెక్కించకూడదు.

మనం చేసుకోవాల్సిన పనీ ఉంది. బండి అమ్మితే డబ్బు తీసుకుని తాళాలిచ్చి వచ్చేయకండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాడు మార్పించుకుంటాడులే అనుకుంటే పోయేది కార్డొక్కటే కాదు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, బండి ఎన్ని చేతులు మారినా ప్రమాదం జరిగితే పరిహారం రిజిస్టరులో పేరున్నవాడే కట్టాలి. బియ్యం మాట అటుంచండి, పొలం అమ్ముకోవాల్సి వస్తుంది.

కారు కారణంగా కార్డు ఆగినవాళ్లు వచ్చే మండల సమావేశానికి ఆర్‌సీ జిరాక్సు, అమ్మినప్పటి కాగితం ఏది ఉంటే అది, కార్డు నంబరు తీసుకురండి. కాగితం లేనివాళ్లు బండి ఏ సంవత్సరం, ఎవరికి అమ్మారో ఒక తెల్లకాగితం మీద రాసుకుని వచ్చినా చాలు. ఊరివారీగా జాబితా కట్టి సచివాలయంలో ఒక ప్రతి, రవాణా శాఖలో ఒక ప్రతి ఇచ్చి, రెండుచోట్లా రసీదు తీసుకుందాం.