తండ్రి అప్పగించిన సంచీ, లెక్కల పుస్తకం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఆడిట్ నివేదికను కార్యదర్శిగారు ఇంతకుముందే చదివి వినిపించారు గనుక మేము మళ్లీ దాని జోలికి పోము. ఒక కూతురు కన్నుమూసిన తన తండ్రిని ఎలా గుర్తుపెట్టుకున్నదో నాలుగు మాటలు చెప్పాలని ఉన్నది. ఆమె పేరు మణిబెన్ పటేల్. తండ్రి సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్. పాల సంఘంలో ఈ ప్రస్తావన ఎందుకని మీకు తోచవచ్చు. మన సంఘాల పుట్టుక వెదుక్కుంటూ పోతే ఆ ఇంటి గడప దగ్గరే తేలుతాము.

1945లో బొంబాయి నగరానికి పాలు పంపే పథకం మొదలైంది. గుజరాత్‌లోని కైరా జిల్లా రైతుల పాలు సేకరించి పంపే అధికారం ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది. వాళ్లు చెప్పిందే ధర. రైతులు సర్దార్‌తో మొరపెట్టుకున్నారు. సొంతంగా సహకార సంఘం పెట్టుకోండి, అవసరమైతే పాలు పోయడం ఆపడానికి కూడా సిద్ధపడండి అని ఆయన సలహా ఇచ్చి, మొరార్జీ దేశాయ్‌ని పంపించారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో సభ జరిగింది. తరువాత పదిహేను రోజులపాటు రైతులు ఆ కంపెనీకి పాలు పోయలేదు. ఆ ఏడాది డిసెంబరు 14న కైరా జిల్లా పాల యూనియన్ రిజిస్టరు అయింది. అమూల్ అన్న పేరుతో మీరెరిగినది అదే. మేము సహకార డిప్లొమా చదివినప్పుడు ఈ వృత్తాంతమంతా పాఠంలో ఉన్నది. మణిబెన్ పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఆమె 1903లో పుట్టింది. ఆరేళ్లు నిండకముందే, 1909లో, తల్లి పోయింది. మరుసటి ఏడే తండ్రి బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లి 1913లో గాని తిరిగి రాలేదు. తండ్రి మనిషేమో మితభాషి. ఒళ్లో కూర్చోబెట్టుకొని ముద్దుచేసిన తండ్రి కాడు. ఆ పిల్ల పెద్దదై, వివాహం మాట తలపెట్టక, తండ్రి పనినే తన పనిగా చేసుకున్నది. 1928 బార్డోలీ సత్యాగ్రహంలో పల్లెల్లో తిరిగింది. పలుమార్లు జైలుకు వెళ్లింది. తండ్రికి ఉత్తరాలు చూసే కార్యదర్శి, మందులిచ్చే నర్సు, వచ్చినవారిని ఎప్పుడు లేవమనాలో తెలిసిన ద్వారపాలకురాలు, అన్నీ ఆమే.

తండ్రి కట్టిన బట్టలు ఆమె వడికిన నూలువే. ఒకనాడు మహావీర్ త్యాగి ఆమె చీరకున్న మాసికలు చూసి ఎగతాళి చేశారట. పక్కనున్న సుశీలా నయ్యర్ ఊరుకోలేదు. ఈమె వడికిన నూలుతో సర్దార్‌కు ధోవతి, చొక్కా అవుతాయి, అవి చినిగితే ఈమెకు చీర, రవిక అవుతాయి అని చెప్పారు. ఈ సంగతి త్యాగిగారే రాసిపెట్టారు.

1936 నుంచి 1950 దాకా ఆమె దినచర్య రాసింది. ఎవరు వచ్చారు, ఏమి మాట్లాడారు, తండ్రి ఏమన్నారు. ఆమె 1990లో కాలం చేస్తే, ఆ దినచర్య 2001లో గాని అచ్చు కాలేదు. కూతురు తండ్రిని గూర్చి రాసిందంటే పొగడ్తలు, కన్నీళ్లు ఉంటాయనుకుంటాము. ఇది మన పాల సేకరణ రిజిస్టరు వంటిది. ఉదయం ఇంత, సాయంత్రం ఇంత. ఇందులో ప్రేమ ఎక్కడున్నదని అడిగేవారుంటారు. ముప్పై ఏళ్లుగా రిజిస్టర్లు తిరగేస్తున్న మాకు ఆ అనుమానం రాదు. ప్రేమ లేనివాడు ఒక్కరోజు కూడా విడవకుండా రాయలేడు.

1950 డిసెంబరు 15న బొంబాయిలో సర్దార్ కన్నుమూశారు. ఆ తరువాత జరిగిన దానిని డాక్టర్ వర్గీస్ కురియన్ తన ఆత్మకథలో చెప్పారు. మణిబెన్ ఒక సంచీ, ఒక పుస్తకం తీసుకొని ఢిల్లీ వెళ్లి నెహ్రూగారిని కలిసింది. నేను పోయాక ఇవి నెహ్రూకే ఇవ్వాలి, మరెవరికీ ఇవ్వవద్దని నాన్నగారు చెప్పారన్నది. సంచీలో కాంగ్రెసు పార్టీ సొమ్ము 35 లక్షల రూపాయలు. పుస్తకం ఆ సొమ్ము లెక్క. నెహ్రూగారు పుచ్చుకొని కృతజ్ఞతలు చెప్పారు. ఇకమీదట ఎలా గడుస్తుందని అడుగుతారేమోనని ఆమె కాసేపు ఆగింది. ఆయన అడగలేదు. లేచి వచ్చేసింది.

ఆ అడగకపోవడం మీద చాలామంది చాలా రాశారు. ఆ చర్చ మాకెందుకు? మా కన్ను సంచీ పక్కనున్న పుస్తకం మీదికే పోతుంది. కార్యదర్శి చనిపోయిన సంఘాలకు వెళ్లి, ఆయన ఇంటి నుంచి లెక్క అప్పగింత తీసుకోవడం మా ఉద్యోగంలో భాగం. పుస్తకం వచ్చినచోట సొమ్ము రాదు, సొమ్ము వచ్చినచోట పుస్తకం దొరకదు. రెండూ కలిసి, అడగకుండా, తనంత తానుగా తెచ్చి ఇచ్చిన వారసులను మేము వేళ్ల మీద లెక్కపెట్టగలము. చేతిలో 35 లక్షలున్నా చీర మాసికలదే కట్టుకున్న మనిషి ఈమె. 1952లో కైరా ప్రాంతం నుంచే లోక్‌సభకు ఎన్నికైంది.

ఇక మన చెంతకు వద్దాము. రెండేళ్ల క్రిందట వేరొక సంఘం తనిఖీకి వెళ్లాము. ఒక సభ్యుడు చనిపోయి మూడేళ్లయినా ఆయన పేరుననే పాలు జమ అవుతున్నాయి. పాలు పోస్తున్నది కూతురు. రెండు గేదెలు, తండ్రి పాసుపుస్తకం, తండ్రి క్యాను. పేరు మార్చుకోలేదేమని అడిగాము. “మా నాయన పేరు పుస్తకంలో ఉంటే, దినామూ ఆయనే వచ్చి పాలు పోసిపోతా ఉన్నట్టు ఉంటుంది సార్” అన్నది. మాకు వెంటనే మాట రాలేదు.

అయినా చెప్పక తప్పలేదు. చనిపోయిన మనిషికి సభ్యత్వం ఉండదు. ఆయన పేరున బోనస్ ఇవ్వాలంటే సంతకం ఎవరిది? సభలో ఆమెకు ఓటు లేదు. ఆయన నామినీగా ఎవరినీ రాయలేదు గనుక వాటా ధనం అలాగే ఉండిపోయింది. పట్నంలో ఉన్న అన్న సమ్మతి పత్రం పంపేదాకా మరో ఐదు నెలలు పట్టింది. ఆమెకు సభ్యత్వం వచ్చింది, కొత్త నంబరుతో. పాత నంబరే ఉంచమని బతిమాలింది గాని రిజిస్టరులో అది కుదరలేదు. క్యాను మూత మీద ఆమె తండ్రి పేరు మేకుతో గీసి ఉంది. దాని మీద మా తనిఖీ లేదు.

ఈ ఉదయం మీ సభ్యత్వ రిజిస్టరు చూశాము. నామినీ గడి చాలా పేర్లకు ఖాళీగా ఉన్నది. నింపినచోట భార్య పేరో, కొడుకు పేరో ఉన్నది. కూతురి పేరు రెండు చోట్ల మాత్రం కనబడింది. నామినీ ఫారాలు కార్యదర్శిగారి బల్ల మీద పెట్టించాము. ఎవరి పేరు రాస్తారన్నది మీ ఇష్టం. సాయంత్రం పాలు పోయడానికి వచ్చేటప్పుడు ఇద్దరు సాక్షులను వెంట తెచ్చుకోండి. చీకటి పడేదాకా మేము ఇక్కడే ఉంటాము.