కోల్డ్ స్టోరేజీలో సరుకు కాలిపోయినచో రైతు ఎవరిని అడుగవలెను?



మిరప కోసి, ఆరబెట్టి, తాలు ఏరించి, టిక్కీలు కట్టి కోల్డ్ స్టోరేజీకి తోలిన తరువాత మనలో చాలమంది నిశ్చింతగా నిద్రపోవుదురు. చేతిలో బాండు ఉన్నది. దానిపై బ్యాంకు అప్పు కూడ ఇచ్చినది. ఇక భయమేమి? ఒక రాత్రి గోదాము అంటుకొన్నచో నష్టము ఎవరు పూడ్చుదురన్న ప్రశ్న, అంటుకొన్న తరువాత గాని మనకు తోచదు.

కర్ణాటకలో ఇట్లే జరిగినది. 2012-13లో బ్యాడిగి మిరప పండించిన రైతులు సరుకును ఒక కోల్డ్ స్టోరేజీలో నిలువచేసి, దానిపై బ్యాంకులో అప్పు తీసికొనిరి. 2014 జనవరిలో ఆ గోదాము కాలిపోయినది. బీమా పాలసీ గోదాము వారిది. బీమా కంపెనీ రెండు మాటలు చెప్పినది. ఇది ప్రమాదవశమున జరిగినది కాదని ఒకటి. రైతులతో మాకు ఒడంబడికే లేదు, వారు మమ్ము అడుగరాదని రెండవది. ఈ రెండవ మాట పైకి సబబుగానే తోచును. పాలసీ మీద రైతు పేరు లేదు గదా! కాని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని త్రోసివేసినది. సేవకు డబ్బు కట్టినవాడే కాదు, ఆ సేవవలన మేలు పొందవలసినవాడు కూడ వినియోగదారుడేనని చట్టమే చెప్పుచున్నది. సరుకు రైతుది గనుక అతడు బీమా కంపెనీపైన కూడ ఫిర్యాదు చేయవచ్చునని తీర్పు.

అయితే తీర్పు ఉన్నదని మనము ఊరకుండరాదు. పాలసీ గడువు తీరిపోయినను, కట్టడమునకు యంత్రములకు మాత్రమే బీమా చేయించి సరుకును వదిలివేసినను, ఏ తీర్పు మనకు అక్కరకు రాదు. కావున సరుకు దింపునాడే అడుగుడు: పాలసీ ఏ తేదీ వరకు ఉన్నది? ఇతరుల సరుకు అందులో చేరినదా? ఎంత మొత్తమునకు? గుమాస్తా విసుగుకొనవచ్చును, కొననిండు. మొగమాటమునకు పోయి టిక్కీలు పోగొట్టుకొనుటకంటె అది మేలు. పాలసీ నకలొకటి, బాండుతోపాటు ఇంటిలో ఉంచుకొనుడు.

విత్తనముల విషయములోను ఇటువంటి మేలే జరిగినది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వ్యాజ్యములో, 1966 నాటి విత్తనముల చట్టము ఉన్నంత మాత్రమున రైతు వినియోగదారుల న్యాయస్థానమునకు పోరాదనుట చెల్లదని 2012లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆ ఫిర్యాదులు ఆంధ్రప్రదేశ్ రైతులవే. పరీక్షకు విత్తనము ఏదీ అని వాదించినప్పుడు, రైతు కొన్నదంతయు చల్లునే గాని పరీక్షకని కొంత దాచునని ఆశింపరాదని కోర్టు అన్నది. మొలక రానప్పుడు వెంటనే వ్యవసాయాధికారిని పొలమునకు రప్పించి నివేదిక వ్రాయించుకొనుడు. ఖాళీ సంచి, దానిమీది లాట్ నంబరు చీటీ, రసీదు పారవేయకుడు.

ఇప్పుడు అమలులో ఉన్నది 2019 నాటి చట్టము. దీని ప్రకారము మీరు కాపురమున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును; కంపెనీ ఉన్న ఊరికి పోనక్కరలేదు. వస్తువుకు గాని సేవకు గాని మీరు చెల్లించినది 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. ప్లీడరు లేకుండ మీరే చెప్పుకొనవచ్చును. గడువు 2 సంవత్సరములు. కంపెనీ వారు “చూచుచున్నాము, వ్రాసినాము” అని జరుపుచుండగానే ఈ గడువు దాటిపోయినవారు ఉన్నారు. వారి జవాబుకై ఎదురుచూచుచు కూర్చొనక, నష్టము జరిగిన తేదీని బాండు వెనుకనే వ్రాసికొనుడు.