కాల్పోస్కోపీ చీటీలో మార్కులు: భయపడొద్దు, ఆగిపోవద్దు



ఒక అవగాహన సదస్సు అయిపోయాక ఒక అక్క కొంగుముడి విప్పి నాకు చీటీ చూపించింది. అందులో "స్వీడ్ 6" అని ఉంది. "మేడం, ఇది క్యాన్సర్ ఆరో స్టేజా?" అని అడిగింది. ఆ భయంతోనే నాలుగు నెలలుగా మళ్లీ ఆసుపత్రికి పోలేదట. క్యాన్సర్‌కు ఉండేవి నాలుగు స్టేజీలే. ఆ 6 స్టేజీ కాదు, మార్కు.

ఆ మార్కు ఎలా వస్తుందో చూడండి. పరీక్షలో అనుమానం వస్తే గర్భసంచి మూతిని కాల్పోస్కోప్‌తో పెద్దగా చేసి చూస్తారు. ముందు ఎసిటిక్ యాసిడ్ పూస్తారు. మార్పు వచ్చిన చోటు తెల్లబడుతుంది. తర్వాత అయోడిన్ పూస్తారు. బాగున్న చోటు ముదురు గోధుమ రంగుకు మారుతుంది, మార్పు ఉన్న చోటు పసుపుగా కనిపిస్తుంది. చూసినదాన్ని బట్టి డాక్టర్ మార్కులు వేస్తారు.

మార్కులు వేసే పద్ధతులు ముఖ్యంగా రెండు.

రీడ్ పద్ధతి: మచ్చ అంచు, రంగు, రక్తనాళాలు, అయోడిన్. ఒక్కోదానికి 0 నుంచి 2. మొత్తం 8.

స్వీడ్ పద్ధతి: 2005లో స్వీడన్ నుంచి వచ్చింది. పై నాలుగింటికి మచ్చ సైజును కలిపారు. మొత్తం 10.

ఒక ఉదాహరణ. నాలుగింటికీ ఒక్కో మార్కు పడింది. మచ్చ 15 మిల్లీమీటర్లు దాటింది కాబట్టి సైజుకు 2. రీడ్‌లో 4, స్వీడ్‌లో 6. మనిషి ఒక్కరే, మచ్చ ఒక్కటే. అందుకే మీ అంకెను పక్కింటావిడ అంకెతో పోల్చుకోకండి.

స్వీడ్‌లో 5 కన్నా తక్కువైతే పెద్ద మార్పు ఉండే అవకాశం తక్కువ. 8 గానీ ఆపైన గానీ వస్తే అవకాశం ఎక్కువ. మధ్యలో ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అదే బయాప్సీ. మార్కు అంటే కంటితో చూసి వేసిన అంచనా. ఖాయంగా చెప్పేది బయాప్సీ రిపోర్టే.

క్యాన్సర్‌కు ముందు మార్పు దగ్గరే దొరికితే చాలామందికి చిన్న చికిత్సతో సరిపోతుంది, గర్భసంచి తీయాల్సిన పని ఉండదు. వదిలేస్తే కొన్నేళ్లకు అది క్యాన్సర్‌గా మారొచ్చు.

చీటీ చేతికి రాగానే మూడు మాటలు అడగండి:
1. ఈ మార్కు ఎనిమిదికా, పదికా?
2. బయాప్సీ తీశారా? రిపోర్టు ఎప్పుడొస్తుంది?
3. నేను మళ్లీ ఏ తేదీన రావాలి?

30 ఏళ్లు దాటినవాళ్లు లక్షణాలేమీ లేకున్నా పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇది ఉచితం. ఎక్కడికి పోవాలో మీ ఆశా కార్యకర్తను అడగండి. పెద్ద చికిత్స అవసరమైతే తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు.

చీటీని కొంగులో దాచుకోకండి. చెప్పిన తేదీకి ఆసుపత్రికి తీసుకుపోండి.