మీ పేరు ఎవరి పేరు మీద ఉంది?

భూపాలపల్లి నుంచి మాట్లాడుతున్నా. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇట్లా వీడియోల్లో పడ్డోణ్ణి కాబట్టి ఈ టాపిక్ నాకు రెండు వైపుల నుంచీ తెలుసు. ఇవాళ డొమైన్ నేమ్ గురించి మాట్లాడుకుందాం. "అది కంపెనీలకు కదా అన్నా, మాకెందుకు?" అంటారు చాలామంది. కంపెనీలకంటే మనకే ఎక్కువ అవసరం. ఎందుకో చెప్తా.

2020 జూన్ 29 గుర్తుందా? ఆ రోజు మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్స్ బ్యాన్ చేసింది. బ్యాన్ కరెక్టా కాదా అన్నది వేరే చర్చ. పల్లెల్లో ఫోన్‌ని గోడకు ఆనించి వీడియోలు తీసినోళ్ల సంగతి చూడండి. వాళ్ల టాలెంట్ ఎక్కడికీ పోలేదు, చూసే జనం కూడా ఎక్కడికీ పోలేదు. పోయింది మధ్యలో ఉన్న అడ్రస్. "నేను ఫలానా చోట ఉన్నా, రండి" అని చెప్పుకునే దారి లేకుండా పోయింది. అంతకుముందు 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూసేశారు. 2019 ఏప్రిల్‌లో మామూలు యూజర్లకు గూగుల్ ప్లస్ కూడా బంద్. యాప్‌లో మన ఐడీ అంటే చుట్టాలింట్లో ఉన్నట్టే. ఎంత మర్యాద చేసినా ఇల్లు మనది కాదు.

మరి డొమైన్ సొంత ఇల్లా? నిజం చెప్పాలంటే అదీ కాదు. అది కౌలు లాంటిది. మన దగ్గర రైతులకు ఈ లెక్క బాగా తెలుసు. టైమ్‌కి కౌలు కడితే ఆ చెలక నువ్వు చేసుకోవచ్చు. కట్టకపోతే ఇంకొకరికి పోతది. డొమైన్ కూడా అంతే, ఏడాదికింత అని కట్టాలి. ఒకేసారి పదేళ్ల వరకూ కట్టుకోవచ్చు.

ఈ కౌలు మనలాంటోళ్లకు మొదటి నుంచీ దొరికేది కాదు. డాట్ ఇన్ అనేది మన దేశం అడ్రస్. 1992 నుంచి 2004 దాకా, అంటే పన్నెండేళ్లలో, దాని కింద రిజిస్టర్ అయినవి సుమారు 7,000 పేర్లే. రూల్స్ అంత టైట్‌గా ఉండేవి. 2005లో నిక్సీ అనే సంస్థ కింద కొత్త రిజిస్ట్రీ వచ్చింది. జనవరి 1 నుంచి ముందుగా ట్రేడ్‌మార్క్ ఉన్నోళ్లకు ఛాన్స్ ఇచ్చారు. ఫిబ్రవరి 16 నుంచి అందరికీ గేటు తీశారు. కంపెనీ లేకున్నా, షాపు లేకున్నా, మామూలు మనిషి తన పేరు తీసుకోవచ్చు. వ్యక్తుల కోసమే డాట్ ఐఎన్‌డీ డాట్ ఇన్ అని ఇంకోటి కూడా ఉంది.

ఇది అన్ని దేశాల్లో ఉన్న హక్కేం కాదు. చైనాలో 2009 డిసెంబర్‌లో డాట్ సీఎన్ పేర్లు వ్యక్తులకు ఇవ్వడం ఆపేశారు, వ్యాపార లైసెన్స్ చూపించమన్నారు. మళ్లీ 2012 మేలో గానీ తెరవలేదు. నార్వే లాంటి దేశంలో కూడా మామూలు జనం నేరుగా డాట్ ఎన్ఓ పేరు తీసుకునే వీలు 2014లోనే వచ్చింది. మనకు అంతకన్నా ముందే వచ్చింది, కానీ మనం వాడుకుంటలేం.

"నా పేరు ఎవరు తీసుకుంటరు లే" అనుకోకండి. పెద్ద నాయకుడు అరుణ్ జైట్లీకే తన పేరుతో ఉన్న డాట్ కామ్ వేరేవాళ్ల చేతిలో కనిపించింది. ఆయన కోర్టుకు పోయారు. ఆ పేరు ప్రత్యేకమైనది, అందరికీ తెలిసినది అని 2011లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. మరి మన పేర్లు? ఒక్క మండలంలోనే ఎంతమంది రాజులు, ఎంతమంది శ్రావణిలు! ఇక్కడ ముందు వచ్చినోళ్లదే పేరు. అందుకే ఇంటిపేరు గానీ ఊరు పేరు గానీ కలుపుకోండి. మన పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ పది రకాలుగా ఉంటది. ఫోన్‌లో చెప్తే అవతలోళ్లు తప్పు లేకుండా రాసుకునేది ఎంచుకోండి. తెలుగు అక్షరాల్లోనే డాట్ భారత్ కూడా ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటది. కాకపోతే కొన్ని యాప్స్, ఫారాలు దాన్ని ఇంకా తీసుకోవు. అందుకే మొదటిది ఇంగ్లిష్‌లో, రెండోది తెలుగులో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పాయింట్. నాకు తెలిసిన ఒక ఫొటో స్టూడియో అన్న వెబ్‌సైట్ చేయించుకున్నడు. చేసినతను డొమైన్‌ని తన సొంత మెయిల్‌తో, తన పేరు మీదే రిజిస్టర్ చేసుకున్నడు. డబ్బుల దగ్గర మాటా మాటా పెరిగింది, సైట్ ఆగిపోయింది. బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, పెళ్లి ఆల్బమ్‌ల వెనక అంతా ఆ అడ్రస్సే. పైసలు కట్టింది అన్న, కౌలు కాగితం మీదున్న పేరు ఇంకొకరిది. చివరికి అన్న వేరే పేరు తీసుకుని బోర్డు మార్పించుకున్నడు.

కాబట్టి నాలుగు పనులు చేయండి. ఒకటి, సైట్ ఎవరు చేసినా సరే, డొమైన్ అకౌంట్ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో మీరే తెరవండి. గుర్తింపు కార్డు అడిగితే మీదే ఇవ్వండి. రెండు, మొదటి ఏడాది ఆఫర్ చూసి పడిపోకండి, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూడండి. మామూలుగా డాట్ ఇన్‌కి ఏడాదికి కొన్ని వందలు అవుతది. మూడు, ఆటో రెన్యువల్, టూ స్టెప్ వెరిఫికేషన్, ట్రాన్స్‌ఫర్ లాక్ మూడూ ఆన్‌లో పెట్టండి. నాలుగు, వెబ్‌సైట్ లేదని ఆగకండి. ఫార్వర్డింగ్ అని ఒక సెట్టింగ్ ఉంటది. మీ పేరు కొడితే ఇవాళ మీ యూట్యూబ్ ఛానల్ తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. రేపు ఆ ఛానల్ పోయినా, మీరే వేరే చోటికి మారినా, ఆ ఒక్క లింక్ మార్చితే చాలు. జనం గుర్తుపెట్టుకున్న అడ్రస్ మాత్రం మారదు.

డ్యాన్స్ చేసేటోళ్లు, ఒగ్గు కథ చెప్పేటోళ్లు, టైలరింగ్ నేర్పే అక్కలు, కోచింగ్ చెప్పే తమ్ముళ్లు, ఇది మీ కోసమే. ఇప్పటికే డొమైన్ ఉన్నోళ్లు ఈ రాత్రి ఒక్కసారి లాగిన్ అవ్వండి. ఓనర్ అన్న చోట ఎవరి పేరుందో చూడండి. మీది కాకపోతే, అవతలోళ్లతో మాటలు మంచిగున్నప్పుడే మీ పేరు మీదికి మార్పించుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఫార్వర్డింగ్ ఎట్లా పెట్టాలో స్క్రీన్ మీద చేసి చూపిస్తా. ఉంటా మరి.