చీకటిలో పాముకు కనిపించేది
(తెలుగు పండుగ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా తెలుగు ఇంట్లో సగం, సాయంకాలపు తరగతిలో సగం నేర్చుకున్నది. ఎక్కడైనా ఒత్తు తప్పితే మన్నించవలెను.

ఉగాది గురించో, మన నాటకాల గురించో చెబుతామని మీరు అనుకొని ఉంటారు. మేము పాము గురించి చెబుతాము. జీవితమంతా సైన్సు పాఠాలు చెప్పిన నోరు ఇది.

మా తాత విశాఖపట్నం వైపు నుంచి కెడా రబ్బరు తోటకు వచ్చినారు. ఆయనకు నాగుపాము తెలుసు, కట్లపాము తెలుసు, రక్తపింజర తెలుసు. మా నాయనమ్మ నాగులచవితికి ఈ తోటలో కూడా పుట్ట వెతుక్కొని పాలు పోసేది. అయితే ఇక్కడ వారికి తెలియని పాము ఒకటి ఉన్నది. మలాయివారు దానిని ఉలార్ కాపాక్ అంటారు. కాపాక్ అంటే గొడ్డలి. ముక్కోణపు తల, ఒళ్ళంతా ఎండుటాకు రంగు, వీపుమీద ముదురు త్రికోణాలు. మనిషి అడుగు వినబడితే మిగతా పాములు తప్పుకుంటాయి. ఇది కదలదు. అందుచేత పేరు చివర ‘బొదో’ అని కూడా చేర్చినారు, అంటే తెలివితక్కువది అని. ఆ మాట ఎంత తప్పో చెప్పడానికే మేము నిలబడ్డాము.

1971లో మాకు పదేళ్ళు. రబ్బరు చెట్లు ఆకు రాల్చే కాలం. తెల్లవారకముందే చిన్నాన్నతో పాలు కోయడానికి వెళ్ళేవాళ్ళం. నుదుటికి కట్టుకునే కార్బైడు దీపంలో నీళ్ళు పోయడం మా పని. చుక్కచుక్కగా నీరు పడితేనే కార్బైడునుంచి వాయువు పుట్టి దీపం వెలుగుతుంది. ఆరోజు నిద్రమత్తులో నీళ్ళు పోయడం మరిచినాము. సగం దారిలో దీపం ఆరిపోయింది. చిన్నాన్న కోపపడలేదు. “పోనీలేరా, మనకు పాము కనబడకపోతే పాముకు మనమూ కనబడము” అని నవ్వి, ఆకులమీద చెప్పులతో నడిచినారు. పది చెట్లు దాటగానే మడమ పైన కాటు పడింది. ప్రాణం దక్కింది గాని ఆ కాలు మళ్ళీ సరిగా నిలవలేదు. బతికినన్నాళ్ళూ ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఆ చీకట్లో అది మాత్రం ఎలా చూసిందిరా?”

జవాబు పాము ముఖంమీదనే ఉన్నది. కంటికీ ముక్కుకూ నడుమ రెండు వైపులా చెరొక గుంట. తాతగారికి తెలిసిన ఆ మూడు పాములకూ ఈ గుంట లేదు. లోపల ఒక పలుచని పొర అడ్డంగా సాగదీసి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో వందో వంతుకంటే కొంచెం ఎక్కువ. దాని వెనుక కూడా గాలే కాబట్టి, వేడి తగలగానే వెంటనే ఎక్కుతుంది, తొలగగానే దిగుతుంది. డిగ్రీలో వెయ్యో వంతుల తేడాను కూడా అది పట్టగలదని శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు.

వెలుగు అంటే మన కంటికి కనబడేదే అనుకుంటాము. 1800లో విలియం హెర్షెల్ ఎండను గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో థర్మామీటరు పెట్టి చూచినాడు. ఎరుపు దాటిన తరువాత, ఏమీ కనబడనిచోట, పాదరసం ఇంకా ఎక్కువ పైకి పోయింది. మరుసటి ఏడు రిట్టర్ అనే జర్మను ఊదారంగు అవతల కూడా వెలుగు ఉన్నదని తేల్చినాడు. ఆ అవతలి వెలుగు తేనెటీగకు కనబడుతుంది, ఎరుపు మాత్రం దానికి కనబడదు. ఎరుపుకు ఇవతలి సంగతి మన పాముది. మనకు కనబడే వెలుగు అలల పొడవు మైక్రానులో ఏడు పదుల వంతు దాటదు. మన ఒంటి వేడి సుమారు పది మైక్రానుల అలలుగా రాత్రింబగళ్ళు బయటికి పోతూనే ఉంటుంది. అంటే చిన్నాన్న నుదుటి దీపం ఆరింది గాని ఒళ్ళు ఆరలేదు.

1937లో అమెరికాలో నోబుల్, ష్మిట్ అనే ఇద్దరు ఇటువంటి పాముల కళ్ళు మూసి, గుడ్డ చుట్టిన వేడి బల్బును, చల్లటి బల్బును చూపినారు. పాములు వేడి బల్బునే కొట్టినాయి. 1952లో బుల్లాక్, కౌల్స్ ఆ గుంట నరంలో పుట్టే విద్యుత్తునే కొలిచినారు. పాము మెదడులో కంటి బొమ్మ, వేడి బొమ్మ ఒకేచోట కలుస్తాయట. సంస్కృతంలో పాముకు చక్షుశ్శ్రవము అని పేరు, కళ్ళతో వినేది అని. మన పూర్వులకు ఇదంతా ముందే తెలుసని కొందరు మురుస్తారు. మేము అంత దూరం పోము. కాని మా తరగతిలో ఆ మాట వచ్చినరోజు పాఠం అక్కడే ఆగి గంటసేపు పాముమీద నడిచింది.

ఇక తల్లులకు నచ్చే సంగతి. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కుకు ఎక్కుతుంది గదా. ఆ ఘాటును పట్టేది మన నరాల్లో టి.ఆర్.పి.ఏ.1 అనే ప్రోటీను. 2010లో డేవిడ్ జూలియస్ బృందం తేల్చినదేమంటే, గుంట ఉన్న పాములో వేడిని పట్టేది కూడా ఆ ప్రోటీనే. మనలో ఆవఘాటుకు తెరుచుకునే తలుపు, దానిలో వెచ్చదనానికి తెరుచుకుంటుంది. మిరప కారాన్ని మన నాలుక ఎలా పడుతుందో కనిపెట్టింది కూడా ఆయనే. 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో పాలు వచ్చింది.

అమెరికాలో ఒక నేల ఉడుత ఉన్నది. గిలక పాము ఎదురైతే అది తోకలోకి వెచ్చని రక్తం పంపి, తోకను వేడి చేసి ఊపుతుంది. గుంట లేని పాము ఎదురైతే తోక ఊపుతుంది గాని వేడి చేయదు. ఎవరికి ఏది కనబడుతుందో ఉడుతకు తెలుసు. తోటలో మాకు తెలియలేదు.

కాలేజీలో ఈ పాఠం చదివిననాడే చిన్నాన్న ప్రశ్నకు జవాబు మాకు దొరికింది. కాని చెప్పలేదు. చెబితే మాట దీపం దగ్గరికి వస్తుంది, నీళ్ళు ఎవరు పోయలేదన్న దగ్గరికి వస్తుంది. ఆయన 1998లో పోయినారు, అడుగుతూనే.

పోయిన నెల తరగతిలో ఇదంతా చెబితే ఒక పిల్ల లేచి, “మాస్టారూ, దీపం ఆరకపోతే కరిచేది కాదా?” అని అడిగింది. పాముకు ఏమీ తేడా లేదమ్మా, అది ఆయనను చూస్తూనే ఉన్నది అన్నాము. ఆ పిల్ల కూర్చోలేదు. “మరి తాతయ్యకు?” అన్నది.

ఆయనకు ఉండేదమ్మా, పాము కనబడేది అన్నాము.